చెవిలో పువ్వులు, చేతిలో పెట్టెలు



కిందటి టపాలో నా పాటల పెట్టెను గురించీ, దానికి తగిలించుకున్న ఇంగువ డబ్బాను గురించీ రెండు ముక్కలు రాశాను. దాని కింద ఒక మిత్రులు ఘాటుగా వ్యాఖ్యానించారు. ద్వారం వేంకటస్వామి నాయుడుగారి ఫిడేలును ఆరు వందల రూపాయల డబ్బాలోనుంచి వినడం ఆ మహానుభావుడికి అపచారమట. నిజమైన రసికుడు కనీసం ఇరవై వేలైనా వెచ్చించి ఒక మంచి యాంప్లిఫయరు కొంటాడట. అంత స్తోమత లేనివాడు సంగీతం గురించి రాయకుండా ఊరుకుంటే మంచిదట.

ఆ మిత్రుల మీద నాకు కోపం లేదు. ఆ మాట మీద ఉన్నది. ఎందుకంటే ఒకప్పుడు ఆ మాటను నమ్మి నేను 11,500 రూపాయలు పోగొట్టుకున్నాను. అంతకంటె విలువైనది మరొకటి పోగొట్టుకోబోయాను. అదేమిటో చివరిదాకా దాచను, నడుమనే చెప్తాను. ముందు వస్తువేమిటో చెప్పాలి కదా.

పాటల పెట్టెలోనుంచి వచ్చే విద్యుత్సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు, దాన్ని హెడ్‌ఫోనుకు సరిపడేంత పెంచి ఇచ్చే చిన్న పరికరం హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు. అగ్గిపెట్టెంత మొదలుకొని అరచేయంత వరకు ఉంటుంది. బ్యాటరీ మీదనో, ఫోను ఇచ్చే కరెంటు మీదనో నడుస్తుంది. హెడ్‌ఫోనుకు 'శిరశ్శ్రవణి' అనీ, యాంప్లిఫయరుకు 'నాదవర్ధని' అనీ పేర్లు పెట్టి మురిసిపోగలను. కాని అంగడికి వెళ్లి "నాయనా, ఒక నాదవర్ధని ఇయ్యి" అంటే వాడు ఆయుర్వేదం కొట్టు చూపిస్తాడు. కాబట్టి ఉన్న మాటలతోనే నడుపుకుందాము.

నా కథ ఇది. భాషాప్రవీణ చదివి, తెలుగు పండిత శిక్షణ ముగించి, ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి 2018లో పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి తాను వాడి వదిలేసిన ఐపాడ్ క్లాసిక్ నా చేతిలో పెట్టాడు. ఆ నమూనా అమ్మకం 2014లోనే ఆగిపోయింది గాని, నా పెట్టె ఇంకా పాడుతూనే ఉన్నది. అందులో ద్వారం వారి పాత రికార్డులు, బాలమురళిగారి కీర్తనలు, విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని పాటలు, ఘంటసాలవారి పద్యాలు నింపుకున్నాను. రాత్రి ఇంటిల్లపాదీ పడుకున్నాక కాస్ పోర్టా ప్రో అనే తేలికపాటి హెడ్‌ఫోను తగిలించుకొని వింటూ ఉండేవాణ్ణి. 1984లో వచ్చిన నమూనా అది. నేటికీ వాడుకలో ఉన్నది.

రెండేళ్లు గడిచాక ఏదో లోపం తోచింది. రాగం చక్కగా వినబడుతున్నది. సాహిత్యం మాత్రం మసకబారుతున్నది. పద్యంలో అచ్చులు చెవిన పడుతున్నవి, హల్లులు జారిపోతున్నవి. మన వ్యాకరణంలో అచ్చులను ప్రాణాలనీ, హల్లులను ప్రాణులనీ అంటారు. నాకు ప్రాణాలు మిగిలి ప్రాణులు మాయమవుతున్నాయన్న మాట! ముసలి పెట్టె బలం తగ్గిందనుకున్నాను. నగరంలో ఒక దుకాణానికి వెళ్లి నా బాధ చెప్పుకున్నాను. అక్కడి యువకుడు ఎంతో మర్యాదగా, "సార్, మీ ప్లేయరుకు పవర్ చాలడం లేదు, హెడ్‌ఫోను ఆకలితో ఉంది" అన్నాడు. హెడ్‌ఫోనుకు ఆకలి! ఎంత చక్కని ఉత్ప్రేక్ష! దానికి తోడు 'వెచ్చని ధ్వని', 'చీకటి నేపథ్యం', 'పట్టువంటి పై స్థాయి' అని నాలుగైదు విశేషణాలు వడ్డించాడు. విశేషణాలు నాకు వృత్తిరీత్యా బలహీనత. 11,500 రూపాయలు అక్కడ పెట్టి, పెట్టె పట్టుకొని ఇంటికి వచ్చాను.

అది గొప్ప బలశాలి. దాని గుండీని రవ్వంత తిప్పితే ఏమీ వినబడదు, మరి రవ్వంత తిప్పితే ఎడమ చెవిలో మాత్రమే వినబడుతుంది, ఇంకొంచెం తిప్పితే రెండు చెవులూ అదురుతాయి. అయినా తిప్పుతూ పోయాను, హల్లులు రాలేదు కనుక. మరి కొంచెం, మరి కొంచెం. పోర్టా ప్రో చెవులను మూసివేసే రకం కాదు, లోపలి శబ్దం బయటికి పొక్కుతుంది. ఒక రాత్రి పక్క గదిలోనుంచి మా ఇంటావిడ, "ఆ పాడే ఆయన్ని కాస్త నెమ్మదిగా పాడమనండి, నాకు ఇక్కడికి తాళంతో సహా వినిపిస్తోంది" అన్నది. నవ్వి ఊరుకున్నాను.

తరువాతిది నవ్వే సంగతి కాదు. మా మనవరాలు బడిలో పద్యాల పోటీకి సిద్ధమవుతూ నా ఎదుట పద్యం చదివింది. దానికి శకారం, షకారం పలకడం రావడం లేదని కసిరాను. మళ్లీ చదివించాను. మళ్లీ కసిరాను. మూడోసారి ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకొని, "తాతయ్యా, నేను సరిగానే చదువుతున్నాను" అన్నది. వంటింట్లోనుంచి మా కోడలు వచ్చి, "మామయ్యగారూ, అది బాగానే పలికింది. మీకే..." అని ఆగిపోయింది. ఆ ఆగిపోయిన మాట నాకు స్పష్టంగా వినబడింది.

ముప్పై ఏళ్లు శ, ష, సల భేదం చెప్పి బతికినవాణ్ణి. ఊష్మాలను పలకలేని పిల్లవాణ్ణి గదిలో ఏ మూల కూర్చున్నా పట్టుకునేవాణ్ణి. ఈ వేళ ఆ ఊష్మాలే నా చెవికి చేరడం మానుకున్నాయి. మర్నాడు వెళ్లి వినికిడి పరీక్ష చేయించుకున్నాను. నాలుగు వందలు తీసుకున్నారు. 250 హెర్ట్జుల నుండి 8,000 హెర్ట్జుల వరకు ఒక్కొక్క స్వరమే వినిపించి గీత గీశారు. కింది స్వరాల్లో గీత బాగానే నడిచింది. 3,000 దాటాక కొండమీది నుంచి జారినట్లు జారింది. వయసుతో వచ్చే చెవుడు సాధారణంగా పై స్వరాలతోనే మొదలవుతుంది. సకారపు బుసలో బలమంతా 4,000 హెర్ట్జులకు పైనే ఉంటుంది. అచ్చుల బలం చాలా కింద ఉంటుంది. అందుకే నాకు అచ్చులు మిగిలాయి, ఊష్మాలు పోయాయి. పరీక్ష చేసిన అమ్మాయి నేనెంత శబ్దంతో వింటున్నానో విని, "సార్, లోపం వయసుది. కాని ఇలాగే వింటే మిగిలినది కూడా పోతుంది" అన్నది.

మిత్రులారా, ఇదీ నేను పోగొట్టుకోబోయింది. నాలుగు వందల పరీక్ష అవసరమైన ముసలివాడికి 11,500 రూపాయల బలం అమ్మారు. ఆ యువకుడిలో ద్వేషమేమీ లేదు, అతనికి నేర్పిన మాటలు అతను చెప్పాడు. నా తగవు ఆ మాటలతోనే. శాస్త్రచర్చలో మనవారు పూర్వపక్షాన్ని ముందుంచి సమాధానం చెప్తారు. నేనూ అలాగే చేస్తాను.

మొదటి పూర్వపక్షం: "ధర ఎక్కువైతే నాణ్యత ఎక్కువ. చౌకదానిలో మంచి ధ్వని అసాధ్యం."

ఈ చిన్న యాంప్లిఫయర్ల చరిత్ర తెలిసినవారెవరూ ఈ మాట అనలేరు. 1990ల చివర చూ మోయ్ అనే ఆయన జేబులో పట్టే ఒక యాంప్లిఫయరు పటాన్ని జాలంలో అందరికీ ఇచ్చాడు. ఒక ఆప్-యాంప్ చిప్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, అంతే. అమెరికాలో కుర్రవాళ్లు దాన్ని పిప్పరమెంటు బిళ్లల రేకు డబ్బాలో అమర్చుకునేవారు. దానికి 'సీమోయ్' అనే పేరు స్థిరపడింది. ఆ తరువాత చైనాలోని గ్వాంగ్‌జౌలో 2007లో మొదలైన ఫియో సంస్థ, ఇ5 అనే బొటనవేలంత యాంప్లిఫయరును సుమారు ఇరవై డాలర్లకు అమ్మింది. ఆ నమూనా ఇప్పుడు రావడం లేదు గాని, ఈ వస్తువు చౌకగా ఉండగలదని లోకానికి చూపినవాటిలో అదొకటి.

ఇక బ్లాగరులమైన మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన కథ మరొకటి ఉన్నది. ఎన్‌డబ్ల్యుఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజనీరు, మనలాగే ఉచితస్థలంలో, ఒక బ్లాగు నడిపాడు. యాంప్లిఫయర్లను పరికరాలతో కొలిచి, అంకెలు ప్రచురించి, విశేషణాల వర్తకాన్ని ఎండగట్టాడు. "అయితే నువ్వు చేసి చూపించు" అన్నవాళ్లకు జవాబుగా 2011లో 'ఆబ్జెక్టివ్ 2' అనే యాంప్లిఫయరు పటాన్ని లెక్కలతో, కొలతలతో సహా బయటపెట్టాడు. అది ఎన్నో రెట్లు ఖరీదైన పెట్టెల సరసన కొలతల్లో నిలబడింది. 2012లో ఆ బ్లాగు మౌనం వహించింది. ఆయన ఎవరో లోకానికి తెలియదు. పేరు లేదు, ధనం లేదు, రాసిన టపాలున్నాయి. మనం రాసే ఈ రాతల వల్ల ఏమవుతుందని నిరాశపడే మిత్రులకు ఇంతకంటె మంచి జవాబు నాకు తెలియదు.

2018లో ఆపిల్ సంస్థ యూఎస్‌బీ-సి పరికరాలకోసం ఒక చిన్న తోక వంటి అడాప్టరు తెచ్చింది. అమెరికాలో దాని ధర తొమ్మిది డాలర్లు. ఆ తోకలోనే అంకెలను ధ్వనిగా మార్చే చిప్పు, చిన్న యాంప్లిఫయరు రెండూ ఉన్నాయి. అది గరిష్ఠంగా ఒక వోల్టు ఇస్తుంది. దాని అవుట్‌పుట్ ఇంపిడెన్సు ఒక ఓముకు లోపే. ఐరోపాలో అమ్మేది అందులో సగం వోల్టే ఇస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే కూడా పూర్తి శబ్దం రాదు, అది తెలిసి కొనాలి. ఇలాంటి తోకలు ఇతర సంస్థలవీ చాలా ఉన్నాయి. మామూలు హెడ్‌ఫోను ఉన్నవాడికి ఇంతకంటె ఎక్కువ ఎందుకో చెప్పవలసిన భారం అమ్మేవాడిది.

అలాగని చౌకవన్నీ మంచివని నేను అనను. పెట్టె మీద ఏ కొలతా రాయకుండా 'సూపర్ బాస్' అని మాత్రమే రాసినది చౌకదైనా వద్దు, ఖరీదైనదైనా వద్దు. నా వాదం చౌకదనం గొప్పదని కాదు. ధర కొలబద్ద కాదని.

రెండవ పూర్వపక్షం: "బలం ఎంత ఎక్కువుంటే అంత మంచిది. వాడకపోయినా నిలవ ఉంటుంది కదా."

ఇది బియ్యం బస్తా కాదు, నిలవ ఉండడానికి. లెక్క చూద్దాము. నేను తెలుగు పండితుణ్ణే అయినా, ఎక్కాలు వచ్చినవారెవరైనా చేయగల లెక్క ఇది. పోర్టా ప్రో ఇంపిడెన్సు 60 ఓములు. ఒక మిల్లీవాటు ఇస్తే 101 డెసిబెల్ శబ్దం చేస్తుందని తయారీదారులే చెప్తారు. వోల్టును వోల్టుతో గుణించి 60తో భాగిస్తే శక్తి వస్తుంది. ఒక వోల్టు ఇస్తే దాదాపు 17 మిల్లీవాట్లు. అంటే 113 డెసిబెల్. అర వోల్టు ఇచ్చినా 107. చెవికి ఇది తక్కువా? 85 డెసిబెల్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినరాదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్తుంది. ప్రతి మూడు డెసిబెల్ పెంపుకూ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాటల పెట్టెల విషయంలో వారానికి 40 గంటలు వినేవారు సగటున 80 డెసిబెల్ దాటవద్దంటుంది. నా హెడ్‌ఫోనుకు ఆకలి ఎక్కడున్నది? అది కడుపునిండా తిని తేన్పుతున్నది. ఆ యువకుడు ఈ లెక్క చేసి ఉంటే నన్ను ఇంటికి పంపి ఉండేవాడు. నేను చేసి ఉంటే అసలు ఇల్లు కదిలేవాణ్ణి కాను.

మరొక చిక్కు చూడండి. 'వంద మిల్లీవాట్లది ఇంత, రెండు వందలది అంత' అని ధర రెట్టింపు చేస్తారు. రెట్టింపు శక్తి వల్ల పెరిగేది కేవలం మూడు డెసిబెల్. చెవికి శబ్దం రెట్టింపైనట్లు తోచాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. ఇది చెవి స్వభావం. మరి అక్కరకు మించిన బలంతో వచ్చే నష్టం నేను అనుభవించినదే. గెయిన్ ఎక్కువైన పెట్టెకు సున్నితమైన ఇయర్‌ఫోను తగిలిస్తే బుస వినబడుతుంది. గుండీ మొదటి మలుపులోనే పని ముగిసిపోతుంది. అలాంటి చోట సాధారణమైన గుండీలు కుడి ఎడమలను సమానంగా ఇవ్వవు. ఎడమ చెవిలోనే పాట వినబడిన నా అనుభవానికి కారణం అదే.

మూడవ పూర్వపక్షం: "కొలతలకు చిక్కనిది రసికుడి చెవికి తెలుస్తుంది."

ఇది వినడానికి ఇంపైన వాదం. రసం కొలతలకు అందదని మనమూ నమ్ముతాము. కాని రసం ద్వారం వారి కమానులో ఉన్నది, నా డబ్బాలో లేదు. డబ్బా చేయవలసిన పని ఒక్కటే: వచ్చినదాన్ని మార్చకుండా పెంచి పంపడం. అది లేఖకుడి పని, కవి పని కాదు. ప్రతి తీసే లేఖకుడు తన కవిత్వం కలిపితే మనం దాన్ని ప్రక్షిప్తమంటాము, మెచ్చుకోము.

చెవికే తెలుస్తుందంటే, సరే, చెవినే సాక్షిగా పిలుద్దాము. కాని పేరు చూపించకుండా. పదో తరగతి జవాబుపత్రాలు ఎన్ని వేలు దిద్దానో లెక్కలేదు. ఆ పత్రం మీద పిల్లవాడి పేరు ఉండదు, సంకేతసంఖ్య మాత్రమే ఉంటుంది. పేరు కనబడితే ఎంతటి నిష్పక్షపాతి చేయి అయినా కొంచెం వంకరపోతుందని ప్రభుత్వానికి తెలుసు. దానిని మేము అవమానంగా భావించలేదు. మరి యాంప్లిఫయరుకు మార్కులు వేసేటప్పుడు పేరు, ధర, మెరిసే పెట్టె ఎదుట పెట్టుకొని వేయడమేమిటి? రెండు పెట్టెలను ఒకే స్థాయికి సరిచేసి, ఏది ఏదో తెలియకుండా వినండి. స్థాయి సరిచేయడం ముఖ్యం సుమా! ఒకటి కాస్త బిగ్గరగా ఉంటే అదే మేలైనదిగా తోస్తుంది, అది బిగ్గర అని మాత్రం తోచదు. ఈ పరీక్షలో మీరు పదిసార్లకు పదిసార్లు గుర్తించగలిగితే ఆ పెట్టె నిశ్చయంగా కొనండి. నేనే వచ్చి శాలువా కప్పుతాను.

ఇక 'వెచ్చని ధ్వని' సంగతి. పదానికి ముఖ్యార్థం పొసగనప్పుడు లక్షణార్థం తీసుకోవాలని అలంకారశాస్త్రం చెప్తుంది. ముఖ్యార్థ బాధ అంటారు దాన్ని. ధ్వనికి వెచ్చదనం ముఖ్యార్థంలో పొసగదు కనుక లక్షణార్థం వెతకాలి. కింది స్వరాలు కొంచెం ఎక్కువ అని చెప్పదలిచారా? అయితే ఎన్ని డెసిబెల్? అది చెప్పరు. బాధ మాత్రం కొన్నవాడికి మిగులుతుంది.

మరి ఈ వస్తువు ఎవరికీ అక్కరలేదా? అక్కర ఉన్నది. అది తెలియబట్టే ఇంగువ డబ్బా నా దగ్గరికి వచ్చింది. మా అల్లుడు తాను వాడిన 300 ఓముల హెడ్‌ఫోను ఒకటి తెచ్చి ఇచ్చాడు. దానికి ఒక మిల్లీవాటు ఇస్తే 97 డెసిబెల్. అర వోల్టు ఇచ్చే పెట్టెకు తగిలిస్తే శిఖరస్థాయిలో 96 డెసిబెల్ వస్తుంది. కచేరీలో సగటు స్థాయి శిఖరానికి పదిహేను, ఇరవై డెసిబెల్ కింద ఉంటుంది. పైగా పాత రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించినవారు భయపడి చిన్న స్థాయిలో ఎక్కించారు, అక్కడ మరొక పది పోతుంది. మిగిలేది గుసగుస. ఇక్కడ చిన్న యాంప్లిఫయరు న్యాయంగానే కావాలి. వోల్టేజిని మూడు రెట్లు చేసే గెయిన్ ఉంటే 9.5 డెసిబెల్ పెరుగుతుంది. అంతకంటె ఎక్కువ నాకు వద్దు.

మా ఊరిలో రేడియోలు, టీవీలు బాగుచేసే నా పాత విద్యార్థి ఒకడున్నాడు. తెలుగులో ఎప్పుడూ ముప్పై ఐదు మార్కులే. ఈ లెక్క వాడికి చూపిస్తే, "మాస్టారూ, సీమోయ్ చేసి ఇస్తాను. గెయిన్ మూడుకు కుదిస్తాను" అన్నాడు. అమెరికావాళ్ల పిప్పరమెంటు డబ్బా మన ఊళ్లో దొరకదు కనుక వాళ్లింట్లోని ఇంగువ డబ్బాలో అమర్చాడు. సామగ్రికి ఆరు వందలు తీసుకున్నాడు, కూలి ఎంత అడిగినా పుచ్చుకోలేదు. కొంతకాలం పాటలో కూడా ఇంగువ వాసన వచ్చేది. పదవీ విరమణ చేసిన పంతులు ఎలాగూ ఇంగువ కట్టిన గుడ్డే కనుక, ఇద్దరికీ జత కుదిరింది.

ఇప్పుడు ఎంచుకోదలచినవారికి నాకు తెలిసిన నియమాలు చెప్తాను.

ఒకటి. ముందు అవసరమున్నదో లేదో చూసుకోండి. మీ పెట్టెలో గుండీ మూడు వంతులు తిప్పకముందే శబ్దం చాలినంత వస్తూ ఉంటే యాంప్లిఫయరు అక్కరలేదు. చిన్న ఎంపీ3 దస్త్రంలో పోయిన వివరాన్ని ఏ యాంప్లిఫయరూ తిరిగి తేలేదు. పెట్టె చేసే బుసను అది తగ్గించదు, దానినీ కలిపి పెంచుతుంది. ఆ డబ్బు మంచి హెడ్‌ఫోనుకు పెట్టండి. తేడా అక్కడ వినబడుతుంది.

రెండు. హెడ్‌ఫోను ఇంపిడెన్సు, ఒక మిల్లీవాటుకు చేసే శబ్దం, ఈ రెండు అంకెలు తెలుసుకోండి. పైన చేసిన లెక్క చేయండి. శిఖరంలో 105, 110 డెసిబెల్ అందితే ఏ సంగీతానికైనా చాలు.

మూడు. యాంప్లిఫయరు అవుట్‌పుట్ ఇంపిడెన్సు, హెడ్‌ఫోను ఇంపిడెన్సులో ఎనిమిదో వంతుకు మించరాదు. 32 ఓములకు 4, 16 ఓములకు 2. కారణం చెప్తాను. కొన్ని ఇయర్‌ఫోన్ల ఇంపిడెన్సు అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. ఒకచోట 16, మరొకచోట 60 ఉన్నదనుకోండి. యాంప్లిఫయరుది 10 ఓములైతే ఆ రెండు చోట్ల నడుమ దాదాపు మూడు డెసిబెల్ తేడా పుడుతుంది, పాట రూపమే మారుతుంది. ఒక ఓము అయితే ఆ తేడా అర డెసిబెల్‌కు లోపే. కావ్యానికి ఔచిత్యం ప్రాణమని నిలబెట్టినవాడు క్షేమేంద్రుడు. ఈ చిన్న ప్రపంచంలోనూ ప్రాణం ఔచిత్యమే. గొప్పదానికి గొప్పది కలపడం కాదు, తగినదానికి తగినది కలపడం.

నాలుగు. గెయిన్ తక్కువగా ఉండాలి, లేదా మార్చుకునే మీట ఉండాలి. గుండీ సగం తిరిగిన చోట మీకు చాలినంత శబ్దం రావాలి.

ఐదు. ఐపాడ్ వంటి పాత పెట్టెలకు అడుగున ముప్పై పిన్నుల ద్వారం ఉంటుంది. అందులోనుంచి లైన్ అవుట్ తీసుకుంటే పెట్టెలోని చిన్న యాంప్లిఫయరును దాటి నేరుగా సంకేతం వస్తుంది. ఆ తీగ దొరికితే వాడండి, దొరకకపోతే బెంగపడవద్దు.

ఆరు. ఏ సంగీతం వింటారో ఆలోచించండి. పాత 78 రికార్డుల్లో ఏడెనిమిది వేల హెర్ట్జులకు పైన సంగీతం దాదాపు ఉండదు, ఉన్నది ముల్లు గీరే చప్పుడే. అక్కడ 'పట్టువంటి పై స్థాయి' కొనుక్కోవడమంటే లేని పెరటికి కంచె వేసుకోవడం.

ఏడు. యాభై దాటినవారు ఏ పెట్టె కొనేముందైనా వినికిడి పరీక్ష చేయించుకోండి. నియమాలన్నిటిలోనూ దీన్ని మొదట రాయవలసింది. కాని మొదట రాస్తే మీరు చదవడం మానేస్తారని చివర రాశాను. నేనైనా అంతే చేసేవాణ్ణి.

ఎదుటిపక్షానికి న్యాయం చేయకుండా ముగించకూడదు. ఖరీదైన పెట్టెల్లో పనితనం ఉంటుంది, గట్టిదనం ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే ముచ్చటగా ఉంటుంది. వెండిగ్లాసులో నీళ్లు తాగాలనుకునేవారిని నేను కాదనను. వారి వెండి, వారి దాహం. కాని స్టీలుగ్లాసులో తాగేవాడికి నీళ్ల రుచి తెలియదని అనవద్దు. తిరునాళ్లలో నేలమీద కూర్చొని నాదస్వరం విన్నవాళ్లు, హోటలు అరుగుమీద రేడియో చుట్టూ మూగి పాట విన్నవాళ్లు ఈ దేశంలో సంగీతాన్ని నిలబెట్టారు. రసికత్వానికి ఇరవై వేల ప్రవేశరుసుము పెడితే ముందుగా బయట నిలబడేది వాళ్లే. నాకు ఆ వ్యాఖ్యలో నొప్పి కలిగించినది అదే.

నా చెవుల సంగతి అడుగుతారేమో. రెండు వినికిడి యంత్రాలు వచ్చాయి. రాత్రిపూట అవి తీసి పక్కన పెట్టి, డబ్బా గుండీని ఒక గుర్తు దాటనీయకుండా ఒక గంట వింటాను. ఆ గుర్తు మనవరాలు గోళ్లరంగుతో పెట్టింది. దాటితే మామ్మకు చెప్తుందట. కొన్ని ఊష్మాలు ఇప్పటికీ రావు. వాటిని జ్ఞాపకం నుంచి పూరించుకుంటాను, సమస్యాపూరణం నాకు అలవాటే కదా. పగలు యంత్రాలు పెట్టుకొని మనవరాలి చేత ఆ పద్యం మళ్లీ చదివించుకున్నాను. శకారం, షకారం, సకారం మూడూ వేరువేరుగా పలికింది. నేను కసిరిన రోజున కూడా అలాగే పలికి ఉంటుంది.

ఆ వ్యాఖ్య రాసిన మిత్రులు మా ఊరు రావాలని కోరుతున్నాను. రెండు పెట్టెలు బల్లమీద ఉంటాయి, మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఫలితం ఎటువైపు వచ్చినా ఇక్కడే రాస్తాను. భోజనం మా ఇంట్లోనే.

స్వస్తి.